రూతు ఉపగ్రహం ఎగిరిన ఆదివారం

కొండలరావు తన గుమ్మం ముందు చెప్పులు విప్పుతుంటే దేవమణికి మొదట నమ్మబుద్ధి కాలేదు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో రెండంతస్తుల బట్టల కొట్టున్న మనిషి నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల వరసకి ఎందుకొస్తాడు? వచ్చినా దేవమణి గడప దగ్గర చెప్పులెందుకు విప్పుతాడు? చేతిలో మిఠాయి పెట్టె ఉంది. వెనకాల మేనల్లుడు లలిత్, వాడి చేతిలో ఫోను బిగించిన కర్ర.

"దేవమణమ్మగారూ, బాగున్నారా?" అన్నాడు కొండలరావు నోరంతా నవ్వుతో.

ఆ "గారు" వినగానే ఆవిడకి ఒళ్ళు మండింది. రైల్వే ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆవిడ ఆయాగా పనిచేసినన్నాళ్ళూ ఈయన "ఏయ్ దేవమణీ" అనే పిలిచాడు. ఆయన కోడలు రాధిక పురిటి నొప్పులతో అల్లాడుతుంటే తెల్లవార్లూ పక్కన నిలబడి నడుము రాసింది దేవమణే. ఆ పొద్దున మనవణ్ణి తెచ్చి చేతుల్లో పెట్టినప్పుడు కూడా ఆయన నోట "గారు" రాలేదు.

"కూకోండి బాబూ. సంగతేటి?" అంది.

"సంగతేటంటారేమిటమ్మా! మన రూతమ్మ ఉపగ్రహం ఆదివారం ఎగురుతోంది కదా. మన తెలుగువాళ్ళ స్నేహ మండలి హాల్లో పెద్ద తెర కట్టిస్తున్నాం. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ వస్తున్నారు. మీరు ముందు వరసలో కూర్చోవాలి. మీకు శాలువా కప్పాలి."

మన రూతమ్మ! మన హాలు! దేవమణి ఆ రెండు మాటల్నీ నోట్లో వేసుకుని నమిలింది.

రూతు ఆవిడ పెద్ద కూతురు. ఈ ఇంట్లోనే, రాత్రీ పగలూ వేగన్లు గుద్దుకునే చప్పుడు మధ్య చదువుకుంది. ఇప్పుడు దక్షిణాదిన ఉపగ్రహాలు తయారుచేసే చోట ఇంజనీరు. భూమిని పైనుంచి కనిపెట్టి చూసే ఉపగ్రహం ఒకటి తయారవుతుంటే, దాని కన్ను బాగా పనిచేస్తోందో లేదో పరీక్షించే బృందంలో కొన్నేళ్ళుగా ఉంది. "మామూలు కన్ను కాదమ్మా, మబ్బు కమ్మినా కిందేటుందో సూస్తాది. తుఫాను వచ్చినపుడు ఏ ఊరు మునిగిందో వాన తగ్గేదాకా ఆగక్కర్లేదు" అని ఫోన్లో చెప్పినప్పుడు దేవమణికి తన అన్న గుర్తొచ్చాడు. శ్రీకాకుళం ఒడ్డున వాళ్ళ ఊరు ఒక తుఫానులో మునిగిపోతే, అక్కడ మనుషులున్నారన్న సంగతే చాలా రోజులదాకా ఎవరికీ పట్టలేదు. పడవ వచ్చేసరికి అన్న లేడు. అప్పటినుంచీ ఆ ఉపగ్రహమంటే ఆవిడకి కూతురి ఉద్యోగం మాత్రమే కాదు.

ఇక ఆ హాలు. భర్త ఎబినేజర్ పోయినప్పుడు అది నడి వర్షాకాలం. నిమ్‌పురా యార్డులో వేగన్ ఫిట్టరుగా బతుకంతా గడిపిన మనిషి. జ్ఞాపకార్థ కూడికకి జనం ఎక్కువమంది వస్తారు, చర్చి చాలదు. దేవమణి తడిసిన చీరతోనే మండలి పెద్ద కొండలరావు కొట్టుకి వెళ్ళి ఒక్క పూటకి హాలు ఇమ్మని అడిగింది. "మీవాళ్ళు మాంసం వండుతారు దేవమణీ. హాల్లో మేం పూజలు చేసుకుంటాం. కష్టం" అన్నాడు కొండలరావు, గుడ్డ కొలుస్తూ, తలెత్తకుండా. మాంసం వండం, పప్పూ అన్నమే పెడతామన్నా వినలేదు. సందులో టార్పాలిన్ కట్టి, కాళ్ళ కింద నీళ్ళు పారుతుంటే, వచ్చినవాళ్ళు నిలబడి ఆకులు చేత్తో పట్టుకుని తిన్నారు.

"సూద్దాం బాబూ" అంది దేవమణి.

ఈలోగా లలిత్ ఇల్లంతా కలియజూశాడు. వాడికి ఫోన్లో నడిచే ఒక వార్తల ఛానెల్ ఉంది. పెచ్చులూడిన గోడ, కిటికీకి అడ్డంగా కట్టిన దండెం, మూలన రాబిన్ యూనిఫాం చూసి మొహం ఒకలా పెట్టాడు. రాబిన్ రూతు తమ్ముడు, యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. క్వార్టర్ ఇప్పుడు వాడి పేరుమీదే ఉంది.

"ఆంటీ, మీతో రెండు ముక్కలు మాట్లాడించి వీడియో తీయాలి. ఇక్కడ కాదు గానీ, మావయ్యగారి మేడమీద సోఫాలో కూర్చుందురు గాని. వెలుతురు బాగుంటుంది."

"నా కూతురు ఈ గదిలో సదువుకుంది నాయనా. తీస్తే ఇక్కడ తియ్యి. ఇది సూపించడానికి సిగ్గయితే తియ్యకు."

వాడు తియ్యలేదు. మిఠాయి పెట్టె బల్లమీద పెట్టి ఇద్దరూ వెళ్ళిపోయారు.

వెళ్ళకూడదనే అనుకుంది దేవమణి. కానీ ఆ సాయంత్రం రూతు ఫోన్ చేసింది. గొంతులో అలసట, దానికి మించిన ఉత్సాహం. విషయం విని నవ్వింది.

"ఎల్లమ్మా. పాత గొడవ ఒగ్గెయ్. ఇంట్లో ఒక్కదానివి ఏటి సూస్తావు? పెద్ద తెరమీద సూడు. అది పైకెళ్ళినపుడు మీ అందరి మధ్యా నానూ ఉన్నట్టే కదా."

కూతురు అంత ముచ్చటగా అడిగాక కాదనలేకపోయింది.

ఆదివారం పొద్దున ఆరాధనలో పాస్టరుగారు రూతు పేరు చెప్పి ప్రార్థన చేశారు. అక్కణ్ణుంచి పక్కింటి తబితని వెంటబెట్టుకుని దేవమణి ఆటో ఎక్కింది. తబిత ఆవిడకి చెల్లెలి వరస. రాబిన్‌కి డ్యూటీ.

హాలు గుమ్మానికి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దానిమీద కొండలరావు దండం పెడుతూ నిలువెత్తున ఉన్నాడు. మండలి సభ్యుల ముఖాలు చుట్టూ గుండ్రంగా. అడుగున ఓ మూల రాకెట్ బొమ్మ, దాని పక్కన పోస్టల్ స్టాంపంత రూతు.

"ఓలప్పా, రాకెట్టు ఈయనే తోలుతున్నాడేటి?" అంది తబిత. దేవమణికి నవ్వొచ్చింది. ఆ పూట ఆవిడ నవ్వింది అదొక్కసారే.

లోపల కుర్చీలన్నీ నిండిపోయాయి. తెలుగువాళ్ళే కాక ఊళ్ళో బెంగాలీ పెద్దలు కొందరు ముందు వరసలో ఉన్నారు. ముఖ్య అతిథి ఘోష్‌బాబు అని రిటైరైన రైల్వే ఆఫీసరు. దేవమణిని ఆయనకీ కొండలరావుకీ మధ్య కూర్చోబెట్టారు. తెరమీద సముద్రపు ఒడ్డు, ఎండ, తెల్లగా నిటారుగా నిలబడ్డ రాకెట్. రూతు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని దేవమణి కళ్ళు చిట్లించి చూసింది. కంప్యూటర్ల ముందు వరసలుగా కూర్చున్న మనుషుల వీపులు మాత్రం కనిపించాయి.

అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలైంది. హాలంతా గొంతు కలిపింది. రాకెట్ కింద నిప్పు పుట్టింది, పొగ లేచింది, ఆ తెల్లటి నిలువు కదిలింది. దేవమణి రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగి తెర చెదిరిపోయింది. ఎబినేజర్ పక్కనుంటే ఏమనేవాడో అనుకునేలోపే హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

కొండలరావు ఒక్క ఉదుటున లేచాడు. మైకు పుచ్చుకుని "మన ఖరగ్‌పూర్ తెలుగు బిడ్డ ఆకాశాన్ని జయించింది!" అన్నాడు. శాలువా విప్పమని సైగ చేశాడు. లడ్డూల పళ్ళేలు వరసల్లోకి వెళ్ళాయి.

"ఇంకా అవనేదు బాబూ. పైకెళ్ళి అది విడిపోవాలట. అప్పుడుగాని అయినట్టు కాదని మా అమ్మాయి సెప్పింది. కాసేపు ఆగండి" అంది దేవమణి.

"అయిపోయినట్టేనమ్మా, చూస్తున్నారు కదా!" అని ఆవిణ్ణి లేవదీసి, భుజాలమీద శాలువా కప్పి, ఫోను కర్ర వైపు తిప్పి నిలబెట్టాడు. లలిత్ వీడియో తీస్తున్నాడు. దేవమణి మెడ తిప్పి తెర చూడబోతే, "ఇటు ఆంటీ, ఇటు చూడండి" అన్నాడు. కూతురు ఏళ్ళ తరబడి చేసిన పని ఆకాశంలో పోతుంటే, తల్లి వీపు తిప్పి వాడి ఫోను చూడాల్సి వచ్చింది.

ముందుగా గమనించింది తబిత. "అప్పా, ఆ సుక్క సూడు" అంది.

తెరమీద ఒక వంపు గీత, దాని వెంటే పాకుతున్న చుక్క. ఆ చుక్క గీతని వదిలి కిందికి జారుతోంది. అప్పటిదాకా గడగడా చెబుతున్న వ్యాఖ్యాత గొంతు ఆగిపోయింది. కంప్యూటర్ల ముందు మనుషులు కదలడం లేదు. ఒకాయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. హాల్లో సగంమంది ఏమీ తెలియక ఇంకా లడ్డూలు తింటున్నారు. కాసేపటికి తెరమీదికి ఒక పెద్దాయన వచ్చి, రాకెట్‌లో ఒక దశలో లోపం తలెత్తిందనీ, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేకపోయామనీ, కారణాలు పరిశీలించి చెబుతామనీ నాలుగు మాటల్లో చెప్పి వెళ్ళిపోయాడు.

దేవమణి కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. రూతు ఇప్పుడెక్కడుంది, ఎవరన్నా పక్కనున్నారా, మంచినీళ్ళన్నా తాగిందా అనే ఆలోచన తప్ప ఆవిడ తలలో మరేమీ లేదు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. తెర ఆపేశారు. లడ్డూల పళ్ళేలు వెనక్కి వచ్చేశాయి. లలిత్ ఫోను తెచ్చి సరిగ్గా ఆవిడ మొహం ముందు పెట్టాడు.

"ఆంటీ, మీ అమ్మాయి చేసినదానివల్లే ఇలా జరిగిందంటారా? ప్రజల సొమ్ము సముద్రంలో పోయింది కదా, తల్లిగా ఏమంటారు?"

ఆవిడ వాడివైపు చూసింది. అప్పుడే పక్కనుంచి కొండలరావు ఘోష్‌బాబు వైపు వంగి బెంగాలీలో, ఈవిడకి తెలియదన్న ధీమాతో, నెమ్మదిగా అన్నాడు:

"ఎదేర్ కోటాయ్ ఢుకియే దిలే ఎమొనీ హొబే."

వీళ్ళని కోటాలో లోపలికి తోస్తే ఇలాగే అవుతుందట.

బతుకంతా బెంగాలీ తల్లుల మంచాల పక్క నిలబడి, వాళ్ళ అరుపులూ మొక్కులూ తిట్లూ వాళ్ళ భాషలోనే విని, వాళ్ళ భాషలోనే ఓదార్చిన మనిషి దేవమణి. కొండలరావు బెంగాలీకంటే ఆవిడదే నున్నగా ఉంటుంది. ఆ మాట చెవిన పడగానే ఆవిడకి ఏడుపు ఎక్కడిదక్కడ ఇంకిపోయింది. లేచి నిలబడింది.

"ఆమి బాంగ్లా బుఝి, ఘోష్‌బాబు" అంది ముందు. నాకు బెంగాలీ అర్థమవుతుందని. ఆయన తల దించుకున్నాడు. తర్వాత ఆవిడ తెలుగులోకి తిరిగింది. ఆవిడకి మైకు అక్కర్లేదు, కాన్పుల వార్డులో ఈ చివరినుంచి ఆ చివరకి వినిపించే గొంతు.

"కొండలరావుగారూ, ఆ మాట తెలుగులో అనండి. అందరూ ఇంటారు. నా కూతురు కోటాలో ఎల్లిందా? బాప్తిస్మం తీసుకున్న మా బోటోళ్ళకి ఆ ఎస్సీ కోటా లేదని మీకు తెల్దా? తెలిసే అన్నారా? ఉన్నా సిగ్గుపడే పనేటి కాదది. కానీ లేనిది మా మీద ఎందుకు రుద్దుతారు?"

"అమ్మా, మీరు కూర్చోండి. బాధలో ఉన్నారు..."

"బాధలో ఉన్నాను కాబట్టే సెప్తున్నాను. ఎవరి తప్పో నాకు తెల్దు. మీకూ తెల్దు. ఆ టీవీలో పెద్దాయనకే ఇంకా తెల్దట, సూసి సెప్తామన్నాడు. మీకు మాత్రం లడ్డూ మింగేలోపల తెలిసిపోయిందా? ఇందాక పైకెగిరినపుడు ఎవరి బిడ్డండీ అది? మన తెలుగు బిడ్డ. కింద పడగానే ఎవరి బిడ్డ? దేవమణి కూతురు. అంతేనా?"

వెనక వరసల్లో పూరీ గేట్ పేటనుంచి వచ్చిన చర్చి ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు.

"మా ఆయన పోయినపుడు ఈ హాలు అడిగినాను. ఇవ్వనేదు. వానలో నిలబడి తిన్నాం. ఇయ్యాల మీరొచ్చి మా గుమ్మంలో సెప్పులు ఇప్పినారు. పోనీలే, మనసు మారిందనుకున్నాను. మారింది మనసు కాదు, మీ ఫ్లెక్సీకి బొమ్మ కావలసొచ్చింది."

శాలువా తీసి, మడత పెట్టి, కుర్చీమీద పెట్టింది. తబిత చెయ్యి పుచ్చుకుని హాలు మధ్యలోంచి నడిచి బయటికి వచ్చేసింది. చర్చి ఆడవాళ్ళు వెంట వచ్చారు.

ఇంటికొచ్చి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసినా రూతు ఎత్తలేదు. లోపల ఫోన్లు ఉండనివ్వరని తెలిసినా ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. సాయంత్రం డ్యూటీ దిగి రాబిన్ వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"అమ్మా, ఇది సూసినావా?" అని ఫోను చూపించాడు.

లలిత్ వీడియో పెట్టేశాడు. ముందు నిప్పులు కక్కే రాకెట్, తర్వాత చుక్క జారడం, తర్వాత లేచి నిలబడి అరుస్తున్న దేవమణి. ఆవిడ అన్నదాంట్లో "నా కూతురు కోటాలో ఎల్లిందా", "ఉన్నా సిగ్గుపడే పనేటి కాదది", "ఎవరి తప్పో నాకు తెల్దు" అన్నవి మాత్రం ఉంచాడు. కొండలరావు మాట లేదు. హాలు మాట లేదు. పైన పెద్ద అక్షరాలు: కూలిన రాకెట్, ఖరగ్‌పూర్ ఇంజనీరు తల్లి రభస. దానికింద జనం రాసిన మాటలు రాబిన్ చదవబోతే దేవమణి ఫోను లాక్కుని బల్లమీద బోర్లా పెట్టింది.

రూతు ఆ తర్వాత చేసింది. ఏడవడం లేదు. ఏడుస్తుంటే బాగుండుననిపించేలా ఉంది గొంతు.

"మేం సేసింది ఒక్కసారి కూడా కళ్ళు తెరవకుండా సముద్రంలో పడిపోయిందమ్మా. దాంట్లో ఏ లోపమూ లేదు. రాకెట్టులోనే ఏదో అయింది. దాన్ని సేసినోళ్ళూ మాలాగే కష్టపడ్డారు, ఆల్ల మొహాలు సూడలేకపోయాను. అమ్మా, ఆ వీడియో ఇక్కడోళ్ళు కూడా సూసినారు. నన్నేటీ అన్లేదు. కానీ నాను గదిలోకి ఎల్తే మాటలు ఆగిపోతున్నాయి. నువ్వు ఇంకేటీ మాట్లాడకమ్మా."

"నన్ను ఊరుకోమంటావా? ఆడు ఆ మాటంటే?"

"ఏ మాట?"

దేవమణి చెప్పింది.

"అలవాటే కదమ్మా" అంది రూతు.

ఆ మాట కొండలరావు మాటకంటే ఎక్కువ కోసింది. ఎవరు అలవాటు చేశారు దీనికి? తను ఇంట్లో పెంచినన్నాళ్ళూ ఈ పిల్ల ఎన్నిచోట్ల ఎన్ని మింగిందో, తనకి చెప్పలేదన్నమాట. ఫోను పెట్టేశాక దేవమణి చాలాసేపు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. కూతురు మాట్లాడొద్దంది. సరే, మాట్లాడను. కానీ ఆ వీడియో మాత్రం ఉండనివ్వను అనుకుంది.

మర్నాడు గోల్‌బజార్ తెరిచే వేళకి కొండలరావు కొట్టులో, చీరలు పరిచి చూపించే తెల్లటి పరుపుమీద, సరిగ్గా మధ్యలో కూర్చుంది. పనివాడు "ఏం చూపించమంటారు?" అన్నాడు. "మీ యజమాని మేనల్లుణ్ణి సూపించు" అంది.

కొండలరావు లోపల్నుంచి వచ్చి, చూసి, మొహం మాడ్చుకున్నాడు. "దేవమణమ్మా, ఇది వ్యాపారం చేసుకునే చోటు."

"నాకూ తెలుసు. వీడియో తీయించండి, ఎల్లిపోతాను."

"వాడి ఛానెలు, వాడిష్టం. నేనేం చేస్తాను?"

"అయితే కూకుంటాను."

కూర్చుంది. కొనేవాళ్ళు రావడం మొదలైంది. ఆవిణ్ణి దాటి ఏ చీరా పరచడానికి వీల్లేదు. వచ్చినవాళ్ళలో బెంగాలీ ఆడవాళ్ళు కొందరు ఆవిణ్ణి గుర్తుపట్టారు. ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "దేవమణి దీదీ! ఇది నీ చేతిలో పుట్టిన పిల్లే" అని ముందుకి తోసి, "ఇక్కడ కూర్చున్నావేం?" అంది. దేవమణి గొంతు పెంచకుండా ఉన్నది ఉన్నట్టు బెంగాలీలో చెప్పింది. హాల్లో ఏ మాట అన్నారో, ఎవరు అన్నారో, ఏది కోసి ఏది చూపించారో. ఆ తల్లి గుడ్డల వైపు ఒకసారి, కొండలరావు వైపు ఒకసారి చూసి, "ఛీ" అని కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకీ అదే చెప్పింది. కొందరు దిగిపోయారు, కొందరు కొనుక్కున్నారు, ఇద్దరు ముగ్గురు ఆవిడ పక్కనే కూర్చున్నారు.

మధ్యాహ్నానికి కొండలరావు ఓపిక చచ్చింది. "పోలీసుల్ని పిలుస్తాను. ఏటనుకుంటున్నావ్? మర్యాదగా సెప్తుంటే..." అన్నాడు. కోపంలో "గారు" పోయింది, నున్నటి భాషా పోయింది.

"పిలవండి. ఆల్లకీ సెప్తాను."

అప్పుడు మేడమెట్ల మీదనుంచి రాధిక దిగింది. మామగారి ముందు గట్టిగా మాట్లాడే అలవాటు లేని కోడలు. ఆఖరి మెట్టుమీద నిలబడి గొంతెత్తింది.

"మావయ్యా, నిన్న నేను మీ వెనక కుర్చీలోనే ఉన్నాను. మీరన్నది నాకూ వినబడింది. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. లలిత్‌ని పిలిచి ఆ వీడియో తీయించండి. లేకపోతే నేను విన్నది నేనూ చెబుతాను, ఇదే పరుపుమీద కూర్చుని."

కొట్టు పనివాళ్ళు తలలు తిప్పుకున్నారు. కొండలరావు కోడలి వంక, పరుపుమీద ఆడవాళ్ళ వంక చూశాడు. ఫోను తీశాడు. కాసేపట్లో లలిత్ వచ్చాడు, చాలామంది చూస్తున్నారు మావయ్యా, ఇప్పుడు తీసేస్తే ఎలా అని గొణిగాడు. "తీసెయ్‌రా ఎదవా!" అని అరిచాడు కొండలరావు, ఆ కోపం ఎవరిమీదో మరి. దేవమణి వాడి పక్కనే నిలబడి, తీసేయడం కళ్ళారా చూసింది. రాబిన్‌కి ఫోన్ చేసి, పోయిందని వాడు చెప్పాక కదిలింది.

మెట్లు దిగుతుంటే కొండలరావు వెనకనుంచి అన్నాడు. "మనలో మనకేమిటమ్మా. ఏదో కంగారులో మాట తూలింది."

దేవమణి వెనక్కి తిరిగింది.

"తూలనేదు బాబూ. ఎప్పట్నుంచో లోపలున్న మాటే. నిన్న బయటపడింది. మీరు తప్పని ఒప్పుకుంటే ఇంటాను. కంగారని అంటే మాత్రం ఇనను."

ఆయన ఒప్పుకోలేదు. ఆవిడా మన్నించలేదు. ఆ తర్వాత మండలినుంచి వచ్చిన ఏ పిలుపుకీ నిమ్‌పురా, పూరీ గేట్ చర్చివాళ్ళు వెళ్ళలేదు. వెళ్ళొద్దని దేవమణి ఎవరికీ చెప్పలేదు.

చలి మొదలయ్యాక రూతు సెలవు పెట్టి వచ్చింది. మనిషి చిక్కింది. మొదటి రెండు రోజులూ పడుకునే ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళని దేవమణి గుమ్మంలోనే ఆపి, టీ ఇచ్చి, పంపించేసింది. ఆ మర్నాడు రూతు లేచి, తలంటుకుని, "అమ్మా, సేపలు తిని ఎన్నాళ్ళయిందో" అంది. ఇద్దరూ ఆటోలో గోల్‌బజార్ వెళ్ళారు.

ఆటో దిగగానే రూతు అలవాటుగా వెనక సందువైపు తిరిగింది. చేపల బజారుకి అది దగ్గర దారి. బట్టల కొట్లు తగలవు. దేవమణి కూతురి మోచెయ్యి పట్టుకుని పెద్ద వీధి వైపు తిప్పింది.

"ఇటు ఎల్దాం."

"అందరూ సూస్తారమ్మా."

"సూడనీ."

తొందర లేకుండా నడిచారు. కొందరు చూశారు, కొందరు చూడనట్టు నటించారు. నడుస్తూనే రూతు చెప్పింది, ఇంకొకటి తయారుచేయమన్నారని. అదే కన్ను, మళ్ళీ మొదట్నుంచి. తనని ఈసారి పరీక్షల బృందానికి నాయకురాలిగా పెట్టారట. మొన్ననే తెలిసిందట.

"మరి ఇంతసేపూ సెప్పవేటే?"

"ఎగిరేదాకా ఎవరికీ సెప్పకూడదనుకున్నాను. ఎగిరినాకా కూడా."

దేవమణికి ఆ మాట నచ్చలేదు, కానీ కారణం తెలుసు గనక ఏమీ అనలేదు. చేపల బజారులో నేలంతా తడి. బెంగాలీ చేపలామె కత్తిపీట ముందు కూర్చుని రొహూ చేప తల నరుకుతూ, ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"దీదీ, ఎయీ కి షెయీ మేయే?" అంది. ఈమేనా ఆ అమ్మాయి అని.

రూతు తల దించుకుంది. దేవమణి సంచీ కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ బజారంతా వినేలా చెప్పింది. "హ్యాఁ, ఎయీ షెయీ మేయే! నా కూతురు. మళ్ళీ సేస్తోంది."

"అమ్మా, మెల్లిగా" అంది రూతు, చెయ్యి పట్టుకుని లాగుతూ.

"ఎందుకు మెల్లిగా?" అంది దేవమణి.

చేపలామె నవ్వి, చేప నడుం దగ్గరి మంచి ముక్కలు ఏరి తూకంలో వేసింది.